పోటీలకు రివాల్వర్ ఎంచుకోవడం, దాన్ని సిద్ధం చేసుకోవడం

రివాల్వర్‌తో పోటీల్లో దిగాలనుకునే కొత్తవారు ముందుగా అడిగే ప్రశ్న ఏ కంపెనీది కొనాలని. వరుసలో అది మూడో ప్రశ్న. ఏ పోటీలో పాల్గొంటారన్నది మొదటిది, ఆ పోటీలో ఏ తూటా వాడతారన్నది రెండోది. ఈ రెండింటికీ జవాబు దొరికితే ఏ రివాల్వర్ కావాలో చాలావరకు తేలిపోతుంది. స్ప్రింగులు ఎంత తేలిగ్గా ఉండవచ్చన్నది కూడా ఆ జవాబుల మీదే ఆధారపడి ఉంటుంది. వరుస తిరగేసి ముందు రివాల్వర్ కొని, ట్రిగ్గర్‌ను వీలైనంత తేలిక చేయించి, చివర్లో తూటాల సంగతి ఆలోచించేవారు మొదటి పోటీలోనే పేలని తూటాలతో కుస్తీ పడతారు. అందుకే ఈ వ్యాసం కూడా అదే వరుసలో సాగుతుంది.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. తుపాకీ లోపలి భాగాలను యజమాని స్వయంగా మార్చుకోవచ్చా, లేక లైసెన్సు ఉన్న ఆర్మరర్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) మాత్రమే ఆ పని చేయాలా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఆ చట్టాన్నీ, మీ పోటీ విభాగం ఏ మార్పులను అనుమతిస్తుందో చెప్పే నిబంధనల తాజా ప్రతినీ చదవడం తప్పనిసరి.

పోటీని బట్టి తూటా, తూటాను బట్టి రివాల్వర్

కదులుతూ, గడియారంతో పోటీపడుతూ కాల్చే ప్రాక్టికల్ పోటీల్లో తూటా శక్తిని పవర్ ఫ్యాక్టర్‌తో కొలుస్తారు. తూటాలోంచి దూసుకుపోయే బుల్లెట్ బరువును గ్రెయిన్లలో తీసుకుని, సెకనుకు అడుగుల్లో కొలిచిన వేగంతో గుణించి, వెయ్యితో భాగిస్తే అది వస్తుంది. 160 గ్రెయిన్ల బుల్లెట్ 800 అడుగుల వేగంతో వెళితే పవర్ ఫ్యాక్టర్ 128. దీన్ని బట్టి తూటాలను మైనర్, మేజర్ అని రెండు శ్రేణులు చేస్తారు. అంతర్జాతీయ సమాఖ్య ఐపీఎస్‌సీ పోటీల్లో మైనర్‌కు కనీసం 125, మేజర్‌కు 170 ఉండాలి. అమెరికాలో ఇవే పోటీలు నడిపే యూఎస్‌పీఎస్‌ఏ మేజర్‌కు 165 చాలంటుంది. టార్గెట్ మధ్యలో ‘ఎ’ అనే జోన్‌లో తగిలితే రెండు శ్రేణులకూ ఐదేసి పాయింట్లే. సి జోన్‌లో మేజర్‌కు నాలుగు, మైనర్‌కు మూడు. డి జోన్‌లో మేజర్‌కు రెండు, మైనర్‌కు ఒకటి. ఆరుకు మించి తూటాలు పట్టే రివాల్వర్‌కు ఐపీఎస్‌సీ మైనర్ లెక్కే వర్తింపజేస్తుంది. అంటే ఆరు తూటాల .45 ఏసీపీతో మేజర్ కాల్చడమా, ఎనిమిది తూటాల .357 లేదా 9 ఎంఎంతో మైనర్ కాల్చడమా అన్నదే ఇక్కడ అసలు ఎంపిక. ఒకే చోట నిలబడి ఏడెనిమిది తూటాలు కాల్చాల్సి వచ్చినప్పుడు ఆరు తూటాల రివాల్వర్ ఉన్నవారు కదలకుండా నిలబడి మళ్లీ నింపుకోవాలి. ఆ రెండు మూడు సెకన్లు సి జోన్‌లో దొరికే అదనపు పాయింట్ల కంటే ఎక్కువ నష్టం తెస్తాయి. కొత్తవారు ఎనిమిది తూటాల వైపే మొగ్గడం మంచిదని నా అభిప్రాయం.

కేవలం రివాల్వర్ల కోసమే నడిచే ఐకోర్ పోటీల్లో పవర్ ఫ్యాక్టర్ కనీసం 120 ఉంటే చాలు. కానీ అక్కడి క్లాసిక్ విభాగంలో తూటాలను గుత్తిగా పట్టి ఉంచే మూన్ క్లిప్పులకు చోటు లేదు. ఆరు తూటాల రివాల్వర్‌ను స్పీడ్ లోడర్‌తో, అంటే తూటాలన్నింటినీ ఒకేసారి లోపలికి వదిలే పరికరంతో, నింపుకోవాలి. ఐడీపీఏ అనే మరో ప్రాక్టికల్ పోటీలో బ్యారెల్ పొడవు నాలుగుంబావు అంగుళాలు దాటకూడదు కాబట్టి, మిగతా పోటీలకు ఎంతో అనువైన ఆరంగుళాల బ్యారెల్ అక్కడ పనికిరాదు. ఉక్కు పలకలను కాల్చే స్టీల్ ఛాలెంజ్‌లో పలకను తాకితే చాలు, పడగొట్టనక్కర్లేదు. కాబట్టి అక్కడ వెనక్కి తన్నని తేలిక తూటాలదే రాజ్యం.

ఒకే చోట నిలబడి నిదానంగా గురి పెట్టే పోటీల అవసరాలు పూర్తిగా వేరు. ఐఎస్‌ఎస్‌ఎఫ్ 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ పోటీలో 7.62 నుంచి 9.65 మిల్లీమీటర్ల క్యాలిబర్ ఉన్న రివాల్వర్‌ను వాడవచ్చు. ట్రిగ్గర్ బరువు వెయ్యి గ్రాములకు తగ్గకూడదు, బ్యారెల్ 153 మిల్లీమీటర్లు దాటకూడదు, మొత్తం బరువు 1400 గ్రాములకు మించకూడదు. అందులోని రాపిడ్ దశలో టార్గెట్ మూడు సెకన్లు కనిపించి ఏడు సెకన్లు పక్కకు తిరుగుతుంది. హ్యామర్ అంటే వెనకనుండి పడి తూటాను పేల్చే సుత్తి. దాన్ని ముందే బొటనవేలితో ఎక్కించి కాల్చడం సింగిల్ యాక్షన్, ట్రిగ్గర్ లాగడంతోనే అది ఎక్కి పడేలా కాల్చడం డబుల్ యాక్షన్. ఆ ఏడు సెకన్లలో హ్యామర్ ఎక్కించుకోవచ్చు గనుక అక్కడ సింగిల్ యాక్షన్ శుభ్రంగా విడుదల కావడమే ముఖ్యం, డబుల్ యాక్షన్ ఎలా ఉన్నా పెద్దగా తేడా రాదు. పోలీసు శిక్షణ నుంచి పుట్టిన పీపీసీ పోటీలకు బరువైన బ్యారెల్, .38 స్పెషల్‌లో 148 గ్రెయిన్ల వాడ్‌కట్టర్ (చదునైన ముక్కున్న బుల్లెట్) ఎన్నో ఏళ్లుగా కలిసి నడుస్తున్న జత. 200 మీటర్ల దాకా ఇనుప బొమ్మలను పడగొట్టే సిల్హౌట్ పోటీలకు .44 మాగ్నమ్ లాంటి శక్తిమంతమైన తూటా, పొడవైన బ్యారెల్ కావాలి. కౌబాయ్ పోటీల్లో పాతకాలపు సింగిల్ యాక్షన్ రివాల్వర్లే వాడాలి. వాటిలో ఐదు తూటాలే నింపి, హ్యామర్‌ను ఖాళీ ఛాంబర్ (ఒక్కో తూటా పట్టే గది) మీద దించి ఉంచుతారు.

ఇక మీదట చెప్పేదంతా ప్రధానంగా డబుల్ యాక్షన్ గురించే, ఎందుకంటే ట్యూనింగ్ అవసరం అక్కడే ఎక్కువ.

చేతికి తగినది

ఎనిమిది తూటాల .357లో స్మిత్ అండ్ వెసన్ 627, అదే సంఖ్యలో 9 ఎంఎంకు 929, ఆరు తూటాల .45 ఏసీపీకి 625, .357లోనే మధ్యస్థ పరిమాణంలో 686, రూగర్‌లో జీపీ100, దాని ఎనిమిది తూటాల రూపమైన సూపర్ జీపీ100 పోటీల్లో తరచుగా కనిపించే పేర్లు. స్మిత్‌ రివాల్వర్లకు విడిభాగాలు, స్ప్రింగులు, తెలిసిన పనివాళ్లు ఎక్కువగా దొరుకుతారు. రూగర్ విప్పడం, మళ్లీ అమర్చడం సులువు. ఎంత వాడినా ఓర్చుకుంటుంది. మొదటి రివాల్వర్‌గా వీటిలో ఏది తీసుకున్నా తప్పు లేదు. పాత కోల్ట్ పైథాన్ అందం నాకూ ఇష్టమే, కానీ దానిలో హ్యామర్‌కూ, ట్రిగ్గర్‌ను తిరిగి ముందుకు తెచ్చే లివర్‌కూ ఒకటే వంపు స్ప్రింగు పనిచేస్తుంది కాబట్టి ఒకటి సవరించబోతే రెండోది మారుతుంది. దాన్ని తెలిసిన ఆర్మరర్‌కే వదిలేయాలి.

ఫ్రేమ్ పెద్దదైతే బరువు వల్ల ఎదురుతన్ను తగ్గుతుంది, ఎనిమిది తూటాలకు చోటు దొరుకుతుంది. కానీ ఛాంబర్లుండే సిలిండర్ కూడా పెద్దదే అవుతుంది, వేగంగా ట్రిగ్గర్ లాగినప్పుడు ఆ బరువంతా ప్రతిసారీ తిరగడం మొదలుపెట్టి ఠక్కున ఆగాలి. దాన్ని ఆపే స్టాప్ దెబ్బలకు సిలిండర్ మీది గాడుల అంచులు క్రమంగా నలిగిపోతాయి. 929లో టైటానియం సిలిండర్ పెట్టడం వల్ల ఈ భారం తగ్గింది. అయితే టైటానియం ఛాంబర్ల లోపల ఎమరీ గుడ్డ లాంటి రాపిడి వస్తువులు పెట్టకూడదు, పై పూత పోతే లోహం త్వరగా చెడిపోతుంది.

పట్టు విషయంలో ఒక పరీక్ష చాలు. ఖాళీ రివాల్వర్‌ను బ్యారెల్ ముంజేతితో ఒకే గీతలో ఉండేలా పట్టుకుని చూపుడు వేలును ట్రిగ్గర్ మీద పెట్టండి. మొదటి కణుపు మడత లేదా దానికి కాస్త ముందు భాగం ట్రిగ్గర్ మీదకు సహజంగా రావాలి. అందకపోతే చేతిని పక్కకు తిప్పి అందుకోబోతారు, అప్పుడు ప్రతి తన్నూ బొటనవేలి మొదట్లోని ఎముకకు తగులుతుంది. గ్రిప్ మార్చడంతో చాలావరకు ఇది సర్దుకుంటుంది. మెత్తటి రబ్బరు గ్రిప్ సుఖంగా అనిపించినా, హోల్‌స్టర్ నుంచి తీస్తూ చేతిని సవరించుకునేటప్పుడు అరచేతికి అతుక్కుంటుంది. నునుపైన చెక్క గ్రిప్ ఆ సవరణకు వీలిస్తుంది. గ్రిప్ ఎడమ వైపు పైభాగం స్పీడ్ లోడర్‌కు, బయటికి వచ్చే ఖాళీ కేసులకు (కాల్చిన తూటాల తొడుగులకు) అడ్డుపడకుండా చెక్కి ఉందో లేదో కూడా చూడండి.

కొనే ముందు చూడాల్సినవి

పాతది కొంటున్నా కొత్తది కొంటున్నా ఈ పరీక్షలు ఒకటే. సిలిండర్ తెరిచి అన్ని ఛాంబర్లూ ఖాళీగా ఉన్నాయని కళ్లతో చూసి, వేలితో తడిమి, ఆ తర్వాతే మొదలుపెట్టాలి.

మొదటిది టైమింగ్, అంటే హ్యామర్ పడేలోగా ఛాంబర్ బ్యారెల్‌కు ఎదురుగా వచ్చి ఆగడం. ఛాంబర్లలో కాల్చేసిన ఖాళీ కేసులు పెడితే ఖాళీ కేసులను బయటికి తోసే నక్షత్రాకారపు ఎక్స్‌ట్రాక్టర్ తన చోట కుదురుగా కూర్చుంటుంది, పరీక్ష నమ్మదగ్గదిగా ఉంటుంది. ఎడమ బొటనవేలిని సిలిండర్ మీద అతి తేలిగ్గా ఆనించి కాస్త నిరోధం కల్పిస్తూ, ట్రిగ్గర్‌ను వీలైనంత నెమ్మదిగా లాగండి. సిలిండర్ స్టాప్ గాడిలో పడే చిన్న టిక్కు శబ్దం హ్యామర్ పడకముందే వినిపించాలి. ఇలా ప్రతి ఛాంబర్‌కూ విడివిడిగా చేయాలి. ఏడు సరిగా ఉండి ఎనిమిదోది ఆలస్యమయ్యే రివాల్వర్లు అరుదేమీ కాదు. వేగంగా లాగినప్పుడు సిలిండర్ తన ఊపుతోనే గాడిలోకి వెళ్లిపోతుంది కాబట్టి ఈ లోపం దాగి ఉంటుంది, నెమ్మదిగా గురి పెట్టి కాల్చినప్పుడే బయటపడుతుంది. ఆలస్యమైన ఛాంబర్‌లోని బుల్లెట్ బ్యారెల్ అంచును రాసుకుంటూ వెళ్లి పక్కలకు సీసపు తునకలు చిమ్ముతుంది. పక్కన నిలబడిన రేంజ్ అధికారికి ఆ సంగతి మీకంటే ముందే తెలుస్తుంది.

రెండోది, సిలిండర్ ముందుకూ వెనక్కీ ఎంత కదులుతోందన్నది. సిలిండర్‌ను వెనక్కి నొక్కిపట్టి బ్యారెల్‌కూ సిలిండర్‌కూ మధ్య ఫీలర్ గేజ్ పెట్టి కొలవండి, తర్వాత ముందుకు నొక్కి మళ్లీ కొలవండి. అంగుళంలో వెయ్యో వంతును ఒక థౌ అంటారు. వెనక్కి నొక్కినప్పుడు 7 థౌ, ముందుకు నొక్కినప్పుడు 5 థౌ వస్తే కదలిక 2 థౌ అన్నమాట. పోటీ రివాల్వర్‌కు ఒకటి లేదా రెండు థౌల కదలిక మంచిది. అంతకు మించితే పలుచటి షిమ్ వాషర్లతో సరిచేయవచ్చు. సందు విషయానికి వస్తే 4 నుంచి 6 థౌ చక్కగా ఉంటుంది. మరీ బిగువుగా ఉంటే వేడికీ, మసికీ సిలిండర్ పట్టేస్తుంది. మరీ వదులైతే ఆ సందులోంచి వాయువు పోయి బుల్లెట్ వేగం పడిపోతుంది. పవర్ ఫ్యాక్టర్ అంచున తూటాలు తయారుచేసుకునేవారికి ఇది చిన్న సంగతి కాదు.

మూడోది, హ్యామర్‌ను సింగిల్ యాక్షన్‌లో ఎక్కించి, ట్రిగ్గర్ ముట్టుకోకుండా బొటనవేలితో హ్యామర్‌ను వెనక నుంచి ముందుకు గట్టిగా నెట్టడం. అది జారి పడితే హ్యామర్‌ను ఆపి ఉంచే సియర్ అరిగిపోయిందనో, ఎవరో అనుభవం లేనివారు సానపట్టారనో అర్థం. ఆ రివాల్వర్ జోలికి వెళ్లకండి.

ఛాంబర్ల ముందు గొంతు కొలత సీసపు బుల్లెట్లు వాడేవారికి ముఖ్యం. అది బ్యారెల్ గాడుల వ్యాసం కంటే చిన్నదైతే బుల్లెట్ ముందు నలిగి, తర్వాత బ్యారెల్‌లో వదులై, సీసాన్ని పూస్తూ పోతుంది. వాడుకలో చెప్పాలంటే మీరు వాడే బుల్లెట్ ప్రతి గొంతులోంచీ వేలితో నొక్కితే కాస్త బిగువుగా దిగాలి.

విప్పడం, నునుపు చేయడం

ట్యూనింగ్ అనగానే చాలామంది స్ప్రింగులు మార్చడమే అనుకుంటారు. ముందు రాపిడి తగ్గించాలి, తర్వాతే స్ప్రింగు తేలిక చేయాలి. గరుకు ఉపరితలాల మధ్య బలహీనమైన స్ప్రింగు పెడితే, హ్యామర్ బలంలో కొంత దారిలోనే ఖర్చయిపోయి ప్రైమర్‌కు, అంటే తూటా అడుగున ఉండి మందును అంటించే చిన్న భాగానికి, చేరాల్సిన దెబ్బ చేరదు. పైగా వేలికి తెలిసేది మొత్తం బరువు కంటే ఆ బరువులోని ఎగుడుదిగుళ్లే. మధ్యలో ఎక్కడా తట్టుకోకుండా సాఫీగా వచ్చే 9 పౌనుల ట్రిగ్గర్, గరగరలాడే 7 పౌనుల ట్రిగ్గర్ కంటే వేగంగా, కచ్చితంగా కాల్చనిస్తుంది. మాది ఇన్ని పౌనులని చెప్పుకునే గొప్పలకు రేంజ్‌లో కొదవ ఉండదు, స్కోరు పట్టీలో మాత్రం ఆ గడి లేదు.

పని మొదలుపెట్టే గదిలో ఒక్క అసలు తూటా కూడా ఉండకూడదు. కళ్లకు అద్దాలు పెట్టుకోండి. మామూలు స్క్రూడ్రైవర్ కొన వాలుగా ఉండి స్క్రూ గాడిని పాడుచేస్తుంది కాబట్టి, గాడిలో నిండా కూర్చునే తుపాకీ స్క్రూడ్రైవర్ కావాలి.

స్మిత్‌లో ముందు గ్రిప్ తీసి, ఫ్రేమ్ ముందు అంచున ఉండే స్ట్రెయిన్ స్క్రూ వదులుచేసి, హ్యామర్‌ను నడిపే మెయిన్ స్ప్రింగ్ తీయాలి. లోపలి భాగాలను మూసే సైడ్ ప్లేట్ స్క్రూలన్నీ ఒకేలా కనిపిస్తాయి, కానీ ముందరిది సిలిండర్ ఊగే యోక్‌ను పట్టి ఉంచుతుంది. అది వేరే చోట పడితే యోక్ బిగుసుకోవచ్చు, లేదా వదులుగా ఊగవచ్చు. అందుకే ఒక అట్టముక్క మీద రివాల్వర్ ఆకారం గీసి, ఏ స్క్రూను ఆ చోటనే గుచ్చి ఉంచడం మంచి అలవాటు. ప్లేట్‌ను ఎప్పుడూ అంచు పట్టి పెకలించకూడదు. రివాల్వర్‌ను అరచేతిలో వెల్లకిలా పట్టుకుని, గ్రిప్ ఫ్రేమ్ మీద ప్లాస్టిక్ సుత్తి పిడితో తట్టుతూ ఉంటే ఆ కంపనానికి ప్లేట్ కొద్దికొద్దిగా పైకి లేస్తుంది. ట్రిగ్గర్‌ను తిరిగి ముందుకు తోసే రీబౌండ్ స్లైడ్ లోపలి స్ప్రింగు మహా దుడుకుది. దాన్ని తీసేటప్పుడు రివాల్వర్‌ను, చేతులను పెద్ద పారదర్శకపు ప్లాస్టిక్ సంచిలో పెట్టి పనిచేస్తే ఎగిరినా సంచిలోనే ఉంటుంది.

రూగర్ జీపీ100కు సైడ్ ప్లేట్ ఉండదు. హ్యామర్ ఎక్కించి, మెయిన్ స్ప్రింగ్ లోపలి కడ్డీకి ఉన్న చిన్న రంధ్రంలో పేపర్ క్లిప్ ముక్క దూర్చితే స్ప్రింగు బందీ అవుతుంది. తర్వాత ట్రిగ్గర్ భాగం మొత్తం కిందికి ఊడి వస్తుంది.

నునుపు చేయాల్సింది ఎక్కడో భాగాలే చెబుతాయి. మార్కర్‌తో రంగు పూసి, తిరిగి అమర్చి, ఖాళీగా కొన్ని డజన్ల సార్లు ట్రిగ్గర్ లాగి విప్పితే, రంగు చెరిగిన చోట్లే రాసుకునే చోట్లు. స్మిత్‌లో సాధారణంగా రీబౌండ్ స్లైడ్ అడుగు, ఫ్రేమ్ వైపు పక్క, అది జారే ఫ్రేమ్ ఉపరితలం, హ్యామర్ పక్కలు ఇందులోకి వస్తాయి. సన్నటి సాన రాయిని నూనెతో, ఒకే దిశలో, అంచులు గుండ్రం కాకుండా బల్లపరుపుగా నడపాలి. తయారీలో మిషన్ వదిలిన గీతలన్నీ తుడిచిపెట్టాలన్న తపనతో లోహం తీసేయకూడదు. ఎత్తైన గీతలు పోతే చాలు, లోతు గీతలు నూనెను పట్టి ఉంచుతాయి. హ్యామర్, ట్రిగ్గర్ ఫ్రేమ్ గోడలకు రాసుకుంటున్న ఆనవాళ్లు ఉంటే వాటి పిన్నులకు అతి పలుచటి షిమ్ములు వేసి మధ్యకు తీసుకురావచ్చు.

ముట్టుకోకూడనివి కూడా ఉన్నాయి. సింగిల్ యాక్షన్ గాడి, ట్రిగ్గర్ కొన కలిసే కోణాన్ని ఇంట్లో సానపట్టకండి. పాత రివాల్వర్లలో ఈ భాగాల గట్టిదనం పైపొరలోనే ఉంటుంది. ఆ పొర పోతే ఇవాళ మెత్తగా విడుదలయ్యే ట్రిగ్గర్ కొన్నాళ్లకు దానంతటదే జారే స్థితికి వస్తుంది. సిలిండర్‌ను తిప్పే హ్యాండ్, సిలిండర్ స్టాప్ కూడా అంతే. ఇవి కొలత పరికరాలు, అనుభవం ఉన్న ఆర్మరర్ పనులు. పై మాటలు చదివి సంకోచం కలిగినవారు అసలు విప్పకుండా, ఖాళీ రివాల్వర్‌లో స్నాప్ క్యాపులు (మందు లేని డమ్మీ తూటాలు) పెట్టి రోజూ కొంతసేపు ట్రిగ్గర్ లాగుతూ పోవచ్చు. కొన్ని వేల సార్లయ్యేసరికి భాగాలు ఒకదాన్నొకటి నునుపు చేసుకుంటాయి, వేలికీ అభ్యాసం అవుతుంది.

స్ప్రింగులు

కార్ఖానా నుంచి వచ్చే డబుల్ యాక్షన్ ట్రిగ్గర్ సాధారణంగా 10 నుంచి 12 పౌనులు, అంటే నాలుగున్నర నుంచి ఐదున్నర కిలోల దాకా తూగుతుంది. నునుపు చేశాక స్ప్రింగులు మార్చి 8 పౌనుల దగ్గర ఆగితే చాలా రకాల ప్రైమర్లను పేల్చగలదు. 6 పౌనులకు దిగితే మెత్తటివిగా పేరున్న ఫెడరల్ ప్రైమర్లకే కట్టుబడిపోతారు. గట్టివైన సీసీఐ ప్రైమర్లను అది పేల్చుతుందని నమ్మలేం. ఆ మెత్తటి ప్రైమర్లు మీకు నిరంతరం దొరుకుతాయా అన్నది స్ప్రింగు కొనేముందు వేసుకోవాల్సిన ప్రశ్న. దుకాణంలో కొన్న తూటాలే వాడేవారు 8 పౌనుల కిందికి వెళ్లకపోవడమే క్షేమం. .22 రివాల్వర్లలో రిమ్‌ను నలిపి పేల్చాలి కాబట్టి వాటికి ఇంకా బలమైన దెబ్బ కావాలి, అక్కడ తేలికదనం మీద ఆశ పెట్టుకోకండి.

స్మిత్‌లో స్ట్రెయిన్ స్క్రూను ఒకటి రెండు చుట్లు వదులుచేసి ట్రిగ్గర్ తేలిక చేసుకోవడం అందరికీ తెలిసిన అడ్డదారి. ఎదురుతన్ను అదుర్లకు ఆ స్క్రూ ఇంకా వదులై, పోటీ మధ్యలో తూటాలు పేలడం మానేస్తాయి. స్క్రూ ఎప్పుడూ చివరిదాకా బిగిసి ఉండాలి. బలం తగ్గాలంటే తక్కువ బలపు మెయిన్ స్ప్రింగ్ వేయాలి, లేదా విడిగా కొన్న మరో స్క్రూ కొనను కొద్దికొద్దిగా అరగదీసి పొడవు తగ్గించాలి. అసలు స్క్రూను అలాగే దాచుకోవాలి.

రెండో స్ప్రింగును, అంటే ట్రిగ్గర్‌ను ముందుకు తోసే రీబౌండ్ స్ప్రింగును, చాలామంది అతిగా తేలిక చేస్తారు. లాగేటప్పుడు సుఖంగా ఉంటుంది నిజమే, కానీ కాల్చిన తర్వాత ట్రిగ్గర్ వేలిని వెంటాడి ముందుకు రాలేదు. వేలు తొందరపడి సగం దూరంలోనే మళ్లీ లాగితే ట్రిగ్గర్ మొరాయిస్తుంది, లేదా సిలిండర్ తిరిగి ఒక పేలని తూటాను దాటేస్తుంది. జెర్రీ మికులెక్ 1999లో ఎనిమిది తూటాలను ఒక్క సెకనులో ఒకే టార్గెట్ మీద కాల్చాడు. అంతటి వేగంలో ట్రిగ్గర్ తిరిగి ముందుకు రావడం కూడా వేలి కంటే వేగంగానే జరగాలి. అందుకే దొరికే స్ప్రింగుల్లో అతి తేలికైనదాన్ని కాక, మధ్యస్థమైనదాన్ని ఎంచుకోండి. మార్చిన తర్వాత ట్రిగ్గర్‌ను పూర్తిగా లాగి, వేలితో అడ్డుపడుతూ అతి నెమ్మదిగా వదలండి. చివరి దాకా ఎక్కడా ఆగకుండా ముందుకు రావాలి.

హ్యామర్ వెనకనున్న తోకను కోసేస్తే బరువు తగ్గి హ్యామర్ వేగంగా పడుతుంది, హోల్‌స్టర్‌లో చిక్కుకోదు. కాకపోతే సింగిల్ యాక్షన్‌కు వీడ్కోలు చెప్పినట్టే, మీ విభాగం ఒప్పుకుంటుందో లేదో కూడా చూడాలి. గాళ్లున్న ట్రిగ్గర్ ముఖాన్ని నునుపుగా, గుండ్రంగా చేయించడం మాత్రం ఎవరికైనా మేలే, ఎందుకంటే డబుల్ యాక్షన్‌లో వేలు ట్రిగ్గర్ మీద కాస్త జారుతుంది.

ప్రైమర్ కూర్చోవడం

తేలిక స్ప్రింగు పెట్టాక పేలని తూటా వస్తే వెంటనే స్ప్రింగును తిట్టకండి. దాన్ని రెండోసారి కొట్టినప్పుడు పేలితే, ప్రైమర్ తన గుంటలో అడుగు దాకా దిగలేదని ముందు అనుమానించాలి: మొదటి దెబ్బ దాన్ని కూర్చోబెట్టడానికే సరిపోయింది. చేతితో నడిపే సాధనంతో ప్రతి ప్రైమర్‌నూ కేసు అడుగు మట్టం కంటే మూడు నుంచి ఐదు థౌ లోపలికి నొక్కాలి, తర్వాత వేలి కొనతో తడిమి చూడాలి. పైకి పొడుచుకొచ్చిన ప్రైమర్ పేలకపోవడమే కాదు, వెనక పలకకు రాసుకుని సిలిండర్‌ను తిరగనివ్వదు కూడా. రెండో దెబ్బకూ పేలక, ప్రైమర్ మీద దెబ్బ పడిన గుంట లోతు తక్కువగా కనిపిస్తే అప్పుడు స్ప్రింగు, ఫైరింగ్ పిన్ పొడవు, సిలిండర్ కదలిక చూడాలి. కదలిక ఎక్కువగా ఉంటే దెబ్బ పడగానే సిలిండర్ ముందుకు జరిగి కొంత బలాన్ని మింగేస్తుంది.

శబ్దం సన్నగా వచ్చి తన్ను తెలియకపోతే మాత్రం రెండోసారి లాగొద్దు. బుల్లెట్ బ్యారెల్‌లోనో, సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్యలోనో ఇరుక్కుని ఉండవచ్చు. ఆ రోజుకు ఆ స్టేజ్ అయిపోయినట్టే, స్కోరు పోయినా సరే.

సిలిండర్, మూన్ క్లిప్పులు

మూన్ క్లిప్ అంటే తూటాలన్నింటినీ ఒకేసారి పట్టి ఉంచే పలుచటి ఉక్కు బిళ్ల. తూటాలతో సహా సిలిండర్‌లో పడుతుంది, ఖాళీ కేసులతో సహా బయటికి వస్తుంది. దాని బలహీనత వంగడం. కంటికి కనిపించనంత వంగినా, వెనక పలకకు రాసుకుని ట్రిగ్గర్ బరువును అమాంతం పెంచేస్తుంది. పోటీకి ముందు రోజు, రేంజ్ అనుమతించిన సురక్షిత స్థలంలో, నింపిన ప్రతి క్లిప్‌నూ సిలిండర్‌లో వేసి, మూసి, లాచ్ పట్టుకుని చేతితో తిప్పి చూడండి. తడబడినదాన్ని పక్కన పెట్టండి, సరిచేసే ప్రయత్నం చేయకండి. ఒకే క్లిప్‌లో రకరకాల కంపెనీల కేసులు కలపకూడదు, వాటి గాడి లోతులో తేడా వల్ల కొన్ని బిగువుగా, కొన్ని వేలాడుతూ ఉంటాయి. వేలాడే తూటాలు ఒక గుత్తిగా ఛాంబర్లలోకి దిగవు.

వేగంగా నింపుకోవడానికి ఛాంబర్ల నోటి అంచులను సన్నగా వాలు చేయిస్తారు. ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం మీద ఎక్కువ లోహం తీసేస్తే అది కేసు అంచును పట్టుకోలేదు కాబట్టి అక్కడ చేయి బిగబట్టుకోవాలి. తూటా ఆకారం కూడా అంతే పని చేస్తుంది: గుండ్రటి ముక్కున్న బుల్లెట్ రంధ్రాన్ని తనే వెతుక్కుంటుంది, చదునైన వాడ్‌కట్టర్ అంచుకు తట్టుకుని ఆగుతుంది. .357 సిలిండర్‌లో మూన్ క్లిప్పులు వాడే పోటీదారుల్లో చాలామంది .38 షార్ట్ కోల్ట్ కేసులు ఎంచుకోవడానికి కారణం వాటి పొట్టిదనమే. అవి చప్పున దిగుతాయి, చప్పున బయటికి వస్తాయి.

ఖాళీ కేసులు తోసేటప్పుడు బ్యారెల్ ముక్కు పైకి ఉండాలి. అలా లేకపోతే కాలని మందు గింజలు నక్షత్రం కింద చేరతాయి, ఒక్క గింజ చాలు సిలిండర్ మూసుకోకుండా చేయడానికి. జేబులో పాత పళ్ల బ్రష్ ఉంచుకుని ప్రతి స్టేజ్ తర్వాత ఆ నక్షత్రం అడుగును తుడవండి. సిలిండర్ అకస్మాత్తుగా తెరుచుకోవడం మానేస్తే ఎజెక్టర్ కడ్డీ మరలు వదులై ముందుకు జరిగిందేమో చూడండి. నేటి స్మిత్‌లలో దానికి ఎడమ మర ఉంటుంది. బిగించేటప్పుడు ఛాంబర్లలో ఖాళీ కేసులు పెడితే నక్షత్రం మీద ఒత్తిడి పడదు.

గురి సాధనాలు

వీటి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ముందు పుల్ల మీద మెరిసే ఫైబర్, వెనక ఏ గుర్తూ లేని నల్లటి గాడి వేగపు పోటీలకు బాగా నప్పుతాయి. కాగితపు టార్గెట్‌కు రెండూ నల్లగా ఉన్నవే మేలు. రెడ్ డాట్‌ను (ఎర్ర చుక్కతో గురి చూపే అద్దాన్ని) విభాగం అనుమతిస్తేనే పెట్టుకోవాలి. ఎత్తు పల్లాలు సరిచేయడం తూటా ఖరారయ్యాక చేయాల్సిన పని, ఎందుకంటే బరువైన బుల్లెట్ నెమ్మదిగా వెళ్లి, బ్యారెల్ ఎక్కువగా లేచాక బయటపడి, టార్గెట్ మీద ఎత్తులో తగులుతుంది.

నమ్మకం కుదిరేదాకా

అన్నీ అమర్చాక పరీక్ష డబుల్ యాక్షన్‌లోనే చేయాలి. అందులో హ్యామర్ సింగిల్ యాక్షన్ కంటే తక్కువ దూరం నుంచి పడుతుంది కాబట్టి బలహీనత అక్కడే బయటపడుతుంది. పోటీలో వాడబోయే తూటాలనే, పోటీలో వాడబోయే క్లిప్పుల్లోనే కాల్చండి. సిలిండర్ మీద ఛాంబర్లకు మార్కర్‌తో అంకెలు వేసుకుని, పేలనిది వచ్చినప్పుడల్లా ఏ ఛాంబరో రాసుకోండి. ఎప్పుడూ ఒకే ఛాంబర్ అయితే లోపం సిలిండర్‌లో లేదా టైమింగ్‌లో ఉంది. మారుతూ ఉంటే ప్రైమర్‌నో స్ప్రింగునో చూడాలి. కనీసం రెండు వందల తూటాలు ఒక్కటీ తప్పకుండా పేలేదాకా ఆ స్ప్రింగును పోటీకి తీసుకెళ్లకండి. మధ్యలో ఒకటి తప్పితే ఒక మెట్టు బలమైన స్ప్రింగు వేసి లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టండి. బుల్లెట్ వేగాన్ని మీ రివాల్వర్‌తోనే క్రోనోగ్రాఫ్ (వేగం కొలిచే పరికరం) మీద కొలవండి. మరొకరి రివాల్వర్‌లో 128 వచ్చిన తూటా మీ బ్యారెల్‌లో, మీ సందుతో, 124కు పడిపోవచ్చు. పోటీ కనీసం 125 అయితే, తయారీలో నాలుగైదు పాయింట్ల ఎడం పెట్టుకోవాలి.

తీసేసిన అసలు స్ప్రింగులు, స్క్రూలు పేరు రాసిన చిన్న సంచిలో వేసి పోటీ బ్యాగులోనే ఉంచండి. మెత్తటి ప్రైమర్లు దొరకని ఊళ్లో పోటీ పడితే, ముందు రోజు సాయంత్రం అసలు మెయిన్ స్ప్రింగు వేసి, పది తూటాలు కాల్చి చూసుకుని, పన్నెండు పౌనుల ట్రిగ్గర్‌తోనే దిగవచ్చు.